‘రెండు వాక్యాలు, ఒక కాగితం’: గతం తవ్వే ఇంటర్వ్యూల్లో చాన్నాళ్ళు వాడాక

పద్ధతి చిన్నదే. ఉద్యోగం ఇంటర్వ్యూలో గతం గురించి ఇబ్బందిపెట్టే ప్రశ్న వస్తే రెండు వాక్యాల్లో నిజం చెప్పాలి, రుజువుగా ఒక కాగితం దగ్గరుండాలి, ఆపైన ఊరుకోవాలి. విశాఖ వైపు పరవాడ ఫార్మా కంపెనీల నుంచి రుషికొండ ఐటీ ఆఫీసుల దాకా దీన్నే వాడుతూ వచ్చాను.

బీటెక్‌లో సప్లీలు, ద్వారకానగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కి పోయిన కాలం, తర్వాత మూతపడ్డ ఒక చిన్న కంపెనీ. నా రెజ్యూమె చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. గ్యాప్ గురించి నేను చెప్పేది ఇంతే: “గ్రూప్-2కి చదివానండీ, మెయిన్స్‌లో పోయింది. ఆ తర్వాత ఎక్సెల్, శాప్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని ఉద్యోగాలకి పెట్టాను.” హాల్‌టికెట్లు ఫైల్లోనే ఉంటాయి. చాలామంది అక్కడితో పని సంగతుల్లోకి వెళ్ళిపోతారు.

కష్టమంతా ఊరుకోవడంలోనే. అవతలాయన తలెత్తకుండా ఏదో రాసుకుంటుంటే మన నోరు ఆగదు. “ఇంట్లో పరిస్థితులు కూడా సార్...” అన్నామా, ఆయనకి ఇంకో ప్రశ్న దొరికినట్టే. జవాబు ఫోన్లో రికార్డు చేసుకుని మద్దిలపాలెం బస్సులో వినేదాన్ని. ఎక్కడ సాగదీస్తున్నామో ఇట్టే తెలుస్తుంది. మన గొంతు మనకే నచ్చదు, అది వేరే సంగతి.

కాగితాల్లో బాగా అక్కరకొచ్చింది ఈపీఎఫ్ఓ (ఉద్యోగుల పీఎఫ్ చూసే సంస్థ) పోర్టల్లోని సర్వీస్ హిస్టరీ. కంపెనీ మారినా 12 అంకెల యూఏఎన్ (మన పీఎఫ్ నంబరు) అదే కాబట్టి, ఎక్కడ ఎప్పుడు చేరామో ఎప్పుడు మానేశామో వరసగా కనిపిస్తుంది. వెరిఫికేషన్ వాళ్ళు దీన్ని కూడా అడుగుతుంటారు. మూతపడ్డ ఆ కంపెనీ నా ఎగ్జిట్ తేదీ, అంటే మానేసిన తేదీ, వెయ్యనే లేదు. చివరి పీఎఫ్ పడ్డాక రెండు నెలలు ఆగితే ‘మార్క్ ఎగ్జిట్’లో మనమే వేసుకోవచ్చు, ఆధార్ ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. తేదీ తప్పు పడకుండా ఆఖరి పే స్లిప్పు ఎదురుగా పెట్టుకుని వెయ్యండి.

బొత్తిగా పనిచెయ్యని చోటూ ఒకటుంది. “ఇంటిపేరు ఏమన్నారు? ఏ ఊరు మీది?” అని మెల్లగా మొదలవుతుంది. కులం అడగరు, చుట్టూ తిరుగుతారు. దీనికి రెండు వాక్యాలు చెబితే మూడోది లాగుతారు. “నర్సీపట్నం వైపండీ” అనేసి షిఫ్టుల గురించి నేనే ఓ ప్రశ్న వేస్తాను. కొందరు అర్థం చేసుకుంటారు. ఒకాయన మాత్రం “అక్కడ మీవాళ్ళెవరమ్మా?” అని మళ్ళీ తగులుకున్నాడు. ఆ ఉద్యోగం రాలేదు. వచ్చినా ఎన్నాళ్ళుండేదాన్నో.

పెళ్ళి ప్రశ్న దీనికన్నా నయం. “నైట్ షిఫ్టుకైనా ఇబ్బంది లేదండీ” అంటే చాలాసార్లు సరిపోతుంది, వాళ్ళు అడగాలనుకున్నది అదే గనక.