తొమ్మిది లక్షలకే వచ్చిన లగ్జరీ కారు: టోకెన్ కట్టే ముందు నా అనుభవం చదవండి

పదేళ్లు నిండబోతున్న జర్మన్ సెడాన్ ఒకటి ఎనిమిది లక్షలకు బేరానికి వచ్చిందని, సాయంత్రంలోగా 25 వేలు టోకెన్ కట్టకపోతే ఇంకెవరో పట్టుకుపోతారని డీలరు తొందర పెడుతున్నాడని, మా సహోద్యోగి బావమరిది గత వారం నాకు ఫోన్ చేశాడు. 2022 నవంబరులో హైదరాబాదులో నాకు కూడా దాదాపు ఇవే మాటలు చెప్పారు, నేను నమ్మి టోకెన్ కట్టాను. అతనికి ఫోనులో చెప్పిన సంగతులన్నీ ఇంకొందరికైనా పనికి వస్తాయనే ఉద్దేశంతో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. కారు పేరు గానీ, అమ్మినవారి పేరు గానీ రాయడం లేదు. వివాదం వినియోగదారుల కమిషన్ ముందు ఉండడం ఒక కారణమైతే, ఈ ఇబ్బంది ఏదో ఒక్క కంపెనీ బండికి పరిమితమైనది కాకపోవడం రెండో కారణం.

నేను హనుమకొండలో అధ్యాపకుడిని. పాత కారు అమ్మగా వచ్చిన డబ్బు, దాచుకున్న డబ్బు కలిపి 11 లక్షలు చేతిలో ఉన్నాయి. ఆ డబ్బుకు కొత్త హ్యాచ్‌బ్యాక్ వచ్చేది. అయితే 2013 ఫిబ్రవరిలో రిజిస్టరైన, కొత్తగా ఉన్నప్పుడు 46 లక్షల ఇన్వాయిస్ ఉన్న డీజిల్ సెడాన్ 8 లక్షల 90 వేలకు కనిపించేసరికి నా ఆలోచన అటు మళ్లింది. మీటరు మీద 64,200 కిలోమీటర్లు. ఢిల్లీ రిజిస్ట్రేషన్, ఫస్ట్ ఓనర్, డాక్టరు గారు వాడిన బండి, ఎక్కడా గీత కూడా పడలేదు అని చెప్పారు. లోపల తోలు సీట్లు మెరుస్తున్నాయి. అంత తక్కువ ధరకు ఎందుకు ఇస్తున్నారని అడిగితే, ఢిల్లీ నిబంధనల వల్లే అన్నారు. ఆ మాటలో నిజం ఉండడమే నన్ను పూర్తిగా నమ్మేలా చేసింది.

జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఇచ్చిన ఆదేశాలను, 2018లో సుప్రీంకోర్టు సమర్థించిన దరిమిలా, ఢిల్లీ పరిసర ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ వాహనాలు తిరగకూడదన్న నియమం వచ్చింది. దాంతో తొమ్మిదో ఏడు దాటిన డీజిల్ లగ్జరీ కార్లకు అక్కడ గిరాకీ పడిపోయి, అవి మన వైపు రావడం మొదలైంది. అయితే ధర తగ్గడానికి నియమం ఎంత కారణమో, బండి లోపలి పరిస్థితి ఎంత కారణమో కొనేవాడికి విడదీసి తెలియదు. ఏ లోపం ఉన్నా దాన్ని నియమం చాటున దాచేయవచ్చు. నా విషయంలో జరిగింది అదే.

మొదటి దెబ్బ కాగితాల దగ్గర తగిలింది. ఎన్‌ఓసీ, అంటే బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి పాత రవాణా కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం (28వ నంబరు ఫారం), వారంలో వస్తుందని చెప్పి జనవరి దాకా తిప్పారు. ఫిబ్రవరిలో పదేళ్లు నిండితే ఢిల్లీలో రిజిస్ట్రేషన్ ఏమవుతుందోనని ఆ రెండు నెలలూ నాకు నిద్ర లేదు. ఇక్కడ రిజిస్ట్రేషన్ మార్చుకునేటప్పుడు జీవితకాల పన్నును నేను కొన్న ధర మీద లెక్క వేస్తారనుకుని బడ్జెట్‌లో 60 వేలు రాసుకున్నాను. లెక్క కట్టేది కారు అసలు ఇన్వాయిస్ ధర మీద, వయసును బట్టి నిర్ణయించిన శాతం ప్రకారం అని కార్యాలయంలో తెలిసింది. ఆ 60 వేలు ఏ మూలకూ చాలలేదు. బయటి రాష్ట్రం బండి కొనాలనుకునేవారు ముందుగా ఆ బండి ఇన్వాయిస్ ధర తెలుసుకుని, మీ జిల్లా రవాణా కార్యాలయంలో పన్ను ఎంత పడుతుందో అడిగి, ఆ మొత్తాన్ని కలుపుకున్నాకే ధర మాట్లాడండి. ఎన్‌ఓసీ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి.

కొన్న పంతొమ్మిదో రోజు ఉదయం చూస్తే కారు ముందు భాగం ఎడమ వైపుకు నేలకు ఒరిగి ఉంది. దీనికి స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు తిత్తుల మీద నిలిచే ఎయిర్ సస్పెన్షన్ ఉంటుంది. పదేళ్ల ఎండకు ఆ రబ్బరు మడతల దగ్గర పగుళ్లు పట్టి గాలి మెల్లగా కారిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి గాలి నింపే కంప్రెసర్ అదే పనిగా తిరిగి తిరిగి చివరికి కాలిపోతుంది. అంటే ఒక తిత్తికి పడిన చిల్లు సకాలంలో చూడకపోతే కంప్రెసరును కూడా తీసుకుపోతుంది. షోరూములో ఒక్క వైపు స్ట్రట్‌కే, అంటే ఆ తిత్తి అమర్చి ఉండే సస్పెన్షన్ భాగానికే, 1,18,000 చెప్పారు. గత్యంతరం లేక బయట బాగుచేసిన స్ట్రట్లు రెండు, కంప్రెసర్ ఒకటి వేయించాను. కూలితో కలిపి 1,31,000 అయింది. అమ్మేవారి దగ్గర ఈ కారు ఎప్పుడు చూసినా ఇంజిన్ నడుస్తూనే ఉండేది. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ కంప్రెసర్ గాలి నింపుతూనే ఉంటుంది కనుక ఒరగడం కనిపించదు. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు.

తరువాత గేర్‌బాక్స్. రెండు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు వెనక నుంచి ఎవరో తోసినట్టు కుదుపు వచ్చేది. ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో నూనె జీవితకాలం ఉంటుందని కార్ల కంపెనీలు చెబుతాయి గానీ, గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ సంస్థ మాత్రం 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య నూనె మార్చమంటుంది. మా బండిలోంచి తీసిన నూనె తారులా ఉంది. నూనె, ఫిల్టరు, అడుగు పాన్ కలిపి 48 వేలు ఖర్చు చేసినా కుదుపు పోలేదు. చివరికి లోపల గేర్లు మార్పించే మెకాట్రానిక్ యూనిట్ విప్పి బాగుచేయడానికి మరో 1,35,000 పెట్టాను.

అసలు విషయం బయటపడింది ఆ గేర్‌బాక్స్ షెడ్డులోనే. మెకానిక్ స్కానర్ తగిలించి చాలాసేపు చూసి, మీటరు మీద ఎంత ఉందని నన్ను అడిగాడు. 66,900 అని చెప్పాను. ఆయన తెర నా వైపు తిప్పాడు. గేర్‌బాక్స్ కంప్యూటరులో ఉన్న లెక్క 1,58,400. ఇలాంటి కార్లలో తిరిగిన దూరం ఒక్క మీటరులోనే కాకుండా వేరే కంట్రోల్ యూనిట్లలో (కారులోని చిన్న కంప్యూటర్లలో) కూడా నమోదై ఉండవచ్చు. మీటరు వెనక్కి తిప్పేవాళ్లు సాధారణంగా అన్నిచోట్లా మార్చరు. ఆర్‌సీ నా పేరుకు మారాక, చాసిస్ నంబరుతో కంపెనీ సర్వీసు కేంద్రంలో పాత సర్వీసు వివరాలు అడిగితే, 2019 జూన్‌లో చివరిసారి సర్వీసుకు వచ్చిందని, అప్పటికే 1,31,400 కిలోమీటర్లు తిరిగి ఉందని కాగితం ఇచ్చారు. నేను 64 వేల బండి అనుకుని డబ్బు పోసి కొన్నది లక్షన్నర దాటిన బండి. ఇప్పటికీ ఈ సంగతి తలచుకుంటే కోపం కంటే బాధే ఎక్కువగా కలుగుతుంది. ఎందుకంటే ఆ వివరాలు కొనకముందే తెప్పించుకోవచ్చు. అప్పటి యజమాని చేత అడిగించి ఆ కాగితం తీసుకురమ్మని డీలరుకు చెబితే సరిపోయేది. నేను ఆ ఒక్క మాట అడగలేదు.

చలి ఉదయాల్లో స్టార్ట్ చేయగానే కొద్ది క్షణాలు గొలుసు రాపిడిలాంటి చప్పుడు వస్తుంటే, డీజిల్ బండికి అది సహజమని మొదట్లో నాకు సర్దిచెప్పారు. అది ఇంజిన్ వాల్వులు సమయానికి తెరుచుకుని మూసుకునేలా చేసే గొలుసు, అంటే టైమింగ్ చైన్, సాగిన చప్పుడు. ఈ ఇంజినులో ఆ గొలుసు వెనక వైపు, గేర్‌బాక్సును ఆనుకుని ఉంటుంది కాబట్టి దాన్ని మార్చాలంటే ఇంజిన్ దించాలి. వస్తువుల కంటే కూలి ఎక్కువైంది. మొత్తం 1,64,000. గొలుసు తెగితే పిస్టన్లు వాల్వులను గుద్ది ఇంజినే పోతుంది కనుక వాయిదా వేసే దారి లేదు. పంక్చరైనా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు నాలుగింటికి 1,04,000, బ్యాటరీకి 28 వేలు అయ్యాయి. బ్యాటరీ కూడా ఎవరు పడితే వారు మార్చేది కాదు. కొత్తది పెట్టాక కారు కంప్యూటరులో నమోదు చేయించకపోతే చార్జింగు తేడా వచ్చి త్వరగా పాడవుతుంది.

పన్ను, బీమా, డీజిల్ లెక్కలోకి తీసుకోకుండా 14 నెలల్లో మరమ్మతులకే 6,10,000 అయింది. ఆ 14 నెలల్లో నేను తిరిగింది 11,300 కిలోమీటర్లు. కిలోమీటరుకు దాదాపు 54 రూపాయలు. కారు ధర పదేళ్లలో ఐదో వంతుకు పడిపోయింది గానీ, దాని స్ట్రట్టు, దాని గేర్‌బాక్సు, దాని హెడ్‌లైటు ఇప్పటికీ 46 లక్షల కారు ధరలకే వస్తాయి. బడ్జెట్ వేసుకునేవారు ఈ సంగతి మొట్టమొదట గుర్తు పెట్టుకోవాలి. కొన్న ధరలో కనీసం సగం విడిగా చేతిలో లేనివారు ఇలాంటి బండి జోలికి వెళ్లకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

బీమా ఆదుకుంటుందనే భ్రమ కూడా వద్దు. జీరో డిప్రిసియేషన్ సదుపాయం, అంటే భాగాల తరుగుదల కోయకుండా డబ్బు ఇచ్చేది, ఈ వయసు బండ్లకు సాధారణంగా దొరకదు. అది లేనప్పుడు ప్రమాదం జరిగితే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి సగం డబ్బు మనమే పెట్టుకోవాలి. పదేళ్లు దాటిన బండి అయితే లోహపు భాగాలకు కూడా సగమే వస్తుంది. క్లెయిమ్ చేయనందుకు పాత యజమానికి ప్రీమియంలో వచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, మనకు రాదు. అది మనిషికి చెందుతుంది, బండికి కాదు. బండి మారిన 14 రోజుల్లోగా పాలసీ పేరు మార్పించుకోండి.

నేను చెప్పే జాగ్రత్తలన్నీ టోకెన్ ఇవ్వకముందే చేయవలసినవి. టోకెన్ ఇచ్చాక మన మనసే మనకు అడ్డు వస్తుంది. కనిపించిన లోపాన్ని మనమే చిన్నది చేసుకుంటాం. బండిని తెల్లవారుజామున, ముందుగా స్టార్ట్ చేయవద్దని చెప్పి, వెళ్లి చూడండి. బానెట్ మీద చేయి వేయండి. వెచ్చగా ఉంటే మరో రోజు రండి. రాత్రంతా నిలిపిన బండి నాలుగు మూలలా సమానంగా నిలిచి ఉందో లేదో కొలవండి. స్టార్ట్ చేసే క్షణంలో చెవి ఇంజిన్ దగ్గర ఉంచండి. ఈ తరహా కార్లే బాగుచేసే స్వతంత్ర మెకానిక్‌కు మూడు నాలుగు వేలు ఇచ్చి తీసుకెళ్లి, లిఫ్టు మీద ఎక్కించి, ఆ కంపెనీ కార్లకు సరిపడే స్కానరుతో అన్ని యూనిట్లూ చదివించండి. కారు కంప్యూటరు నమోదు చేసుకునే లోపాల కోడ్లు ఏవీ లేవని సంతోషించకండి. కోడ్లు చెరిపాక ఎంత దూరం తిరిగిందన్న లెక్క కూడా స్కానరులో సాధారణంగా దొరుకుతుంది. అది నాలుగైదు కిలోమీటర్లే అయితే, మీరు వస్తున్నారని తెలిశాకే చెరిపారన్నమాట.

వరద బండ్ల గురించి కూడా ఒక మాట. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2023 జులైలో ఢిల్లీలో యమున వరదల్లో ఎన్నో వాహనాలు నీట మునిగాయి. సీటు బెల్టును చివరి దాకా లాగి బురద మరక ఉందేమో చూడండి. కార్పెట్ ఎత్తి అడుగున వైర్ల జాయింట్ల దగ్గర పచ్చని తుప్పు పట్టిందేమో చూడండి. టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండూ తయారైన వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని చెబుతాయి. 60 వేలు తిరిగిందన్న పదేళ్ల బండికి అది ఎన్నో జత టైర్లో అడగండి. కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ వెబ్‌సైటులో ఫైనాన్స్ బాకీ, పాత చలాన్లు చూసుకోండి. 2023 ఏప్రిల్ నుంచి సెకండ్ హ్యాండ్ వాహనాల డీలర్లు రవాణా శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకోవాలన్న నిబంధన ఉంది. దాన్ని చూపమని అడగడానికి మొహమాటపడకండి.

ఈ కారు నడక బాగుండదని నేను అనను. అవుటర్ రింగ్ రోడ్డు మీద అది వెళ్లే నిలకడ చూసి మా నాన్నగారు ఎంతో ముచ్చటపడేవారు. సరైన చరిత్ర ఉన్న బండి, సరైన ధరకు, చేతిలో మరమ్మతుల డబ్బుతో కొన్నవారు సుఖంగానే వాడుకుంటున్నారు. నేను ఫిర్యాదు చేస్తున్నది మోసం గురించి, నా తొందరపాటు గురించి.

2024 జనవరిలో, రెండేళ్ల గడువు దాటకముందే, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేశాను. చెల్లించిన ధర 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌కే వెళ్లవచ్చు. ఫీజు కూడా కొద్ది మొత్తమే. అయితే వ్యాపారి దగ్గర కొంటేనే ఈ దారి తేలిక. వ్యక్తి నుంచి నేరుగా కొంటే ఈ దారి ఉండదనే మా వకీలు గారు చెప్పారు. నా కేసులో బలహీనత కాగితాల్లోనే ఉంది. 6 లక్షలు బ్యాంకు ద్వారా పంపాను గానీ, మిగిలిన 2,90,000 వారు అడిగారని నగదుగా ఇచ్చాను. ఒక లావాదేవీలో 2 లక్షలు గానీ, అంతకు మించి గానీ నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2017 నుంచి నిషేధించింది. ఆ సంగతి కూడా నాకు తరువాతే తెలిసింది. నాకు ఇచ్చిన డెలివరీ నోటులో తేదీ, సమయం, చాసిస్ నంబరు ఉన్నాయి. మీటరు రీడింగ్ అన్న చోట ఖాళీ గీత మాత్రమే ఉంది. ఆ రోజు సంతకం పెడుతూ ఆ ఖాళీని నేను చూశాను, పట్టించుకోలేదు. మీరు కొనేటప్పుడు ఆ గీత మీద అంకెలు వేయించి, దాని కింద "ఈ రీడింగ్ నిజమైనది, దీన్ని మార్చలేదు" అని డీలరు చేత రాయించి, సంతకం, ముద్ర వేయించుకోండి. ఫోన్ చేసిన అబ్బాయి మరునాడు ఇదే అడిగాడట. ఆ వాక్యం రాయడానికి వారు ఒప్పుకోలేదు, అతను టోకెన్ కట్టకుండా తిరిగి వచ్చాడు.