మా కిరాణా హోల్‌సేల్ యాప్, మూడేళ్లు వాడాక

తెనాలిలో మాది కిరాణా హోల్‌సేల్ కొట్టు. దుగ్గిరాల, కొల్లిపర, వేమూరు వైపు ఊళ్లలోని చిల్లర కొట్లవాళ్లు మా దగ్గర సరుకు తీసుకెళ్తారు. 2023 ఉగాదికి సొంత యాప్ మొదలుపెట్టాం. ఇలాంటిదే చేయించుకుందామని చూస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా.

ముందు మేం చేసిన తెలివితక్కువ పని. నేనూ మా అబ్బాయీ ఓ ఆదివారం కూర్చుని పెద్ద పెద్ద యాప్‌లన్నీ తెరిచి, కనిపించిందల్లా లిస్టు రాశాం. రివార్డు పాయింట్లు, చాట్, బండి ఎక్కడుందో మ్యాపులో చూడటం, విష్‌లిస్టు, స్టార్ రేటింగులు... మొత్తం 23 తేలాయి. సరుకు కొనేవాళ్లలో ఒక్కరినీ అడగలేదు. యాప్ చేసే కుర్రాళ్లు కూడా "ఇది ఎవరికి సార్?" అనలేదు, ఒక్కోదానికి ఇంత అని కొటేషన్ ఇచ్చారు.

పాయింట్లు ఒక్కళ్లు కూడా వాడలేదు. కిలోకి అర్ధరూపాయి తగ్గించమని గీచి గీచి బేరమాడే మనిషికి వంద పాయింట్లు చూపిస్తే ఏం చేసుకుంటాడు? మ్యాపు సంగతీ అంతే. బండి ఎక్కడిదాకా వచ్చిందో కావాలంటే డ్రైవరుకే ఫోన్ కొడతారు.

నాలుగో నెలలో దుగ్గిరాలలో పాత ఖాతాదారు ఒకాయన కొట్లో గంటసేపు కూర్చున్నా. ఆయన యాప్ తెరిచి తెలుగులో "కందిపప్పు" అని కొట్టాడు. మేం ఎక్కించింది ఇంగ్లిషులో తూర్ దాల్ అని. "దొరకలేదు" అని వచ్చింది. "మీ యాప్‌కి కందిపప్పు తెలీదంటరా అబ్బాయ్!" అని నవ్వి, సిగరెట్ పెట్టె అట్ట చింపి దాని వెనక పద్దు రాసి, ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టాడు. నేను ఆయన ఎదురుగానే ఉన్నా!

ఆ అట్టముక్కే మాకు దారి చూపింది. చీటీ ఫొటో తీసి పంపే బటన్ పెట్టించాం, మా గుమస్తా అది చూసి ఆర్డరు ఎక్కిస్తాడు. "ఇదేం ఫీచర్ సార్" అన్నారు కుర్రాళ్లు. ఇప్పుడు సగానికి పైగా ఆర్డర్లు దాంట్లోనే వస్తాయి. మిగతావాళ్లు ఎక్కువగా నొక్కేది "పోయినసారి సరుకే" అన్న బటన్. సరుకుల పేర్లు తెలుగులో కొట్టినా, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు కొట్టినా దొరికేలా మార్చుకున్నాం.

బాకీ చూపించడం కూడా బాగా పనికొచ్చింది, కానీ మొదట తన్నులు తిన్నంత పనైంది. యాప్ తెరవగానే ఎర్రటి అంకెల్లో బాకీ కనపడేది. "కౌంటర్ మీద ఫోన్ పెడితే నా అప్పు ఊరంతా చదువుతోంది బాబాయ్" అని వేమూరు కుర్రాడొకడు గొడవపెట్టుకున్నాడు. నిజమే కదా. ఇప్పుడు వేలు పెట్టి నొక్కితేనే కనపడుతుంది.

కొనేవాళ్లకి కనపడనివి, మనకు ప్రాణం మీదికి తెచ్చేవి వేరే ఉన్నాయి. 2022 జూలైలో 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పుల మీద 5 శాతం జీఎస్టీ వచ్చాక, ఆ పన్ను పడకుండా 26 కిలోల బస్తాలు దిగాయి. మా యాప్‌లో 25, 50 తప్ప ఇంకో బరువు ఎక్కేది కాదు. 2025 సెప్టెంబర్ 22న సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టులు 18 నుంచి 5 శాతానికి, నెయ్యి 12 నుంచి 5కి తగ్గాయి. యాప్‌లో పన్ను రేట్లు మార్చడం మా చేతుల్లో లేదు, యాప్ చేసినవాళ్లే మార్చాలి. వాళ్లకి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ బిల్లులు చేత్తో రాశాం, ఆ టెన్షన్ చెప్పలేను. బరువు, రేటు, పన్ను మనమే మార్చుకునే వీలు లేకపోతే అడ్వాన్సు ఇవ్వకండి.

ఐఫోన్‌కి చేయించలేదు. ప్లేస్టోర్‌కి ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు, ఆపిల్‌కి ఏటా 99 కట్టాలి. మా ఖాతాదారుల్లో ఐఫోన్లు ఉన్నది వాళ్ల పిల్లల చేతుల్లో. అయితే ఆండ్రాయిడ్‌లోనూ కొత్త వెర్షన్‌కి తగ్గట్టు ఏటా మార్పులు చేయించాలి. ఎవరూ నొక్కని ఫీచర్లకీ ఆ ఖర్చు తప్పలేదు, అందుకే పోయినేడు తొమ్మిది తీసేయించాం. ఒక్క ఫోన్ కూడా రాలేదు.

పదికి ఆరు మార్కులు వేస్తా. సిగ్నల్ పోతే సగం కొట్టిన ఆర్డరు ఇప్పటికీ ఎగిరిపోతోంది. కొల్లిపర దాటాక ఒకాయన అయితే రోజూ డాబా ఎక్కి ఆర్డరు పెడతాడు.