ఇందిరానగర్ స్లామ్ కవిత్వ శిబిరం: గొంతుకు శిక్షణ ఉంది, రాజకీయ వంత లేదు

బెంగళూరు ఇందిరానగర్‌లోని ఒక చిన్న ప్రదర్శనశాల ఆదివారాల్లో నడిపే స్లామ్ కవిత్వ శిక్షణ శిబిరం ఈసారి సూడాన్ కవయిత్రి ఎమ్తితాల్ మహమూద్‌ను పాఠ్యాంశంగా తీసుకుంది. 600 రూపాయల రుసుములో పగలంతా శిక్షణ, సాయంత్రం పోటీ, మధ్యాహ్న భోజనం కలిసి ఉంటాయి. భోజనం గురించి చెప్పుకోదగినదేమీ లేదు.

శిక్షణ మాత్రం శ్రద్ధగా సాగింది. 1980లలో షికాగోలో మార్క్ స్మిత్ మొదలుపెట్టిన ఈ స్లామ్ పోటీ పద్ధతిలో కవి తన సొంత కవితనే, వాద్యమూ వేషమూ లేకుండా, మూడు నిమిషాల్లో వినిపించాలి. శ్రోతల్లోంచి ఎంచిన ఐదుగురు వేసిన మార్కుల్లో అత్యధికాన్నీ అత్యల్పాన్నీ వదిలేసి మిగిలిన మూడింటిని కూడతారు. శిక్షకురాలు ఈ నియమాలు చెప్పి ఊరుకోలేదు. 2015లో వ్యక్తిగత ప్రపంచ స్లామ్ పోటీలో విజేతగా నిలిచిన ఎమ్తితాల్, తల్లిని గురించి చెప్పిన కవిత వీడియోను ఆపి ఆపి చూపిస్తూ, ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నారో, ఎక్కడ వేగం పెంచుతున్నారో మా చేత గుర్తింపజేశారు. పాదం చివర ఆగి రాగం తీయడానికి అలవాటుపడిన తెలుగువారికి ఈ అభ్యాసం ఎంతో పనికొస్తుంది.

అయితే ఎమ్తితాల్‌ను ఎంచుకున్నాక గొంతు దగ్గరే ఆగిపోవడం సబబు కాదు. ఆమె కుటుంబానిది సూడాన్ పశ్చిమాన ఉన్న డార్ఫుర్. 2003లో అక్కడ చెలరేగిన యుద్ధం ఆమె కవితల్లో కనబడుతూనే ఉంటుంది. శాంతి కోసం ఆమె డార్ఫుర్ నుంచి రాజధాని ఖార్తూం దాకా సుమారు 1,000 కిలోమీటర్లు నడిచారు. 2018లో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థకు సౌహార్ద రాయబారి అయ్యారు. శిబిరంలో ఇదంతా పరిచయంలో ఒక్క వాక్యంగా దాటిపోయింది. అడిగితే, శిక్షకురాలు "ఇది వేదిక మీద చెప్పడం నేర్పే తరగతి" అన్నారు. బుర్రకథలో కథకుడి పక్కనే ఉండి వర్తమాన రాజకీయాలు మాట్లాడే రాజకీయ వంతకు ప్రత్యేకంగా చోటిచ్చుకున్నవాళ్లం, 1940లలో ప్రజానాట్యమండలి తరఫున మహిళా దళంతో బుర్రకథ చెప్పిన మోటూరి ఉదయం అనే కళాకారిణి గురించి విన్నవాళ్లం, ఆ జవాబుతో ఎలా సరిపెట్టుకుంటాం?

పోటీలో మాతృభాషలో చదవనిస్తారు. తెలుగు కవితకు ముందే రెండు ముక్కల్లో భావం చెప్పించారు కూడా. కానీ న్యాయనిర్ణేతల్లో తెలుగు వచ్చినవారు ఒక్కరూ లేకపోవడంతో, మాట పొందికకు రావలసిన మార్కులు అరుపులకు పడ్డాయి. పేరు నమోదు చేసుకునేటప్పుడే భాష అడుగుతున్నారు కాబట్టి, ఆ భాష తెలిసిన ఒకరిని శ్రోతల్లోంచి ఎంచడం కష్టమేమీ కాదు.

మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరమే. మైకు వెనుక వరుసలకు సరిగా అందదు, పై అంతస్తులోని వ్యాయామశాల చప్పుడు తోడవుతుంది. కాస్త ముందే వెళ్లి ముందు వరుసలో చోటు చూసుకోవడం మేలు.