సంక్రాంతి ఇంటికి పొరల మిఠాయి: పూతరేకులు, మడత కాజా, డబుల్ కా మీఠాలలో ఏది మేలు?

సంక్రాంతికి అరిసెలు, సున్నుండలు, జంతికలు చాలా ఇళ్లలో ఎలాగూ ఉంటాయి. వాటికి తోడుగా వచ్చిన చుట్టాల ముందు విడిగా పెట్టదగిన పొరల మిఠాయి ఒకటి చేయాలనుకుంటే, తెలుగువారికి ముందుగా తలపుకు వచ్చేవి మూడు: ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం మడత కాజా, హైదరాబాదు డబుల్ కా మీఠా. మూడూ నేను ఇంట్లో పలుమార్లు చేసినవే. భోగి మొదలు కనుమ దాకా పాతికమంది వచ్చి పోయే ఇంట్లో, వంటగదిలో ఇద్దరు ముగ్గురు మాత్రమే పని చేయగలిగినప్పుడు, స్వయంగా చేసి పెట్టడానికి ఈ మూడింటిలో ఏది తగునో ఇక్కడ బేరీజు వేస్తున్నాను.

పొర అన్నది మూడింటిలోనూ ఒకే విధంగా పుట్టదు. పూతరేకులో అది ముందే సిద్ధమై ఉంటుంది. కాగితం కన్నా పలుచనైన బియ్యపు రేకును మడవడమే మన పని, ఆ మడతల మధ్య నెయ్యి, తీపి పొడి చేరి ఏ మడతకు ఆ మడతను విడిగా ఉంచుతాయి. మడత కాజాలో పొర నూనెలో విచ్చుకుంటుంది. పిండి పొరల నడుమ పూసిన నెయ్యి, బియ్యప్పిండి మిశ్రమం వాటిని ఒకదానికొకటి అంటుకోనీయదు, పిండిలో ఉన్న తడి వేడికి ఆవిరై వాటిని మెల్లగా విడదీస్తుంది. డబుల్ కా మీఠాలో పొరలను మనమే పేరుస్తాము. నేతిలో వేయించి పాకంలో తడిపిన రొట్టె ముక్కలు ఒక వరుస, చిక్కగా మరిగిన పాలు ఒక వరుస. అందువల్ల మూడింటికీ చేటు తెచ్చేవి కూడా వేరు వేరు. పూతరేకుకు గాలిలోని తేమ, కాజాకు నూనె వేడి, డబుల్ కా మీఠాకు పాకం మోతాదు. ఏది చేయాలో తేల్చుకునే ముందు, వీటిలో దేనిని మన ఇంటి పరిస్థితిలో అదుపులో ఉంచుకోగలమో చూసుకోవాలి.

ముందుగా మడత కాజా సంగతి. మండపేట దగ్గరి తాపేశ్వరం పేరు ఈ మిఠాయితోనే ఊరూరా తెలిసింది. కాకినాడ గొట్టం కాజాతో దీనిని కలపకూడదు. గొట్టం కాజా కొరికితే లోపలి పాకం నోట్లోకి ఊరుతుంది, మడత కాజాలో పాకం పొరల మధ్య పట్టి ఉంటుంది. కిలో మైదాకు వంద గ్రాముల నెయ్యి, చిటికెడు వంటసోడా, చిటికెడు ఉప్పు కలిపి, చపాతీ పిండి కన్నా కొంచెం గట్టిగా తడిపి, తడిబట్ట కప్పి కనీసం గంటసేపు నాననివ్వాలి. ఈ గంటను తగ్గించుకుంటే పిండి ఒత్తుతుంటే వెనక్కి లాగుతుంది, పలుచగా సాగదు. తరువాత పెద్ద రొట్టెగా వీలైనంత పలుచగా ఒత్తి, నేతిలో కలిపిన బియ్యప్పిండిని అంచుల దాకా పూసి, చాప చుట్టినట్టు బిగువుగా చుట్టి, రెండంగుళాల ముక్కలుగా కోసి, అప్పడాల కర్రతో ఒక్కసారి మాత్రం పైపైన అదమాలి. గట్టిగా అదిమితే పొరలన్నీ ముద్దయిపోతాయి.

ఇంతవరకు ఓపిక ఉన్న ఎవరైనా చేయగలరు. చెయ్యి తిరగవలసినది ఆ తరువాతి పనికి. నూనె గోరువెచ్చదనాన్ని కాస్త దాటినప్పుడే ముక్కలు వేయాలి. అవి అడుక్కు వెళ్లి, కొంతసేపటికి నెమ్మదిగా పైకి తేలుతూ పొరలు విప్పుకోవాలి. నూనె కాగిపోయి ఉంటే పైపొర వెంటనే ఎర్రబడి మూసుకుపోతుంది, లోపల పచ్చి పిండి మిగిలిపోతుంది. ఒక్కొక్క వాయికి పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది; వాయి దించిన ప్రతిసారీ నూనెను మళ్లీ చల్లార్చుకుని మొదలుపెట్టవలసిందే. పాకం విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. కిలోంపావు పంచదారకు అరలీటరు కన్నా కొంచెం ఎక్కువ నీళ్లు పోసి లేత తీగ పాకం వచ్చేదాకా కాచి, పంచదార తిరిగి పలుకు కట్టకుండా నాలుగు చుక్కల నిమ్మరసం పిండి, వెచ్చగా ఉంచి, వేడి తగ్గిన కాజాలను అందులో రెండు మూడు నిమిషాలు మాత్రం ముంచి తీయాలి. ఒక ఏడు నేను పాకాన్ని ముదరనిచ్చాను. మరునాటికి కాజాల మీద తెల్లని పంచదార పొర గట్టిగా కట్టి, లోపలికి తీపి అసలు వెళ్లలేదు. కిలో మైదాకు దాదాపు యాభై కాజాలు వస్తాయి, ఇద్దరు కలిసి చేసినా నాలుగు గంటల పని. ఆ శ్రమకు ఫలితం నిల్వ. రెండు రోజుల ముందే చేసి డబ్బాలో పెట్టుకోవచ్చు, వారం రోజులు కరకరలాడుతూనే ఉంటాయి, వెళ్లే చుట్టాలకు పొట్లం కట్టి ఇవ్వవచ్చు. పళ్లు బలహీనమైన పెద్దవారు మాత్రం దీనిని తినడానికి ఇబ్బంది పడతారు.

డబుల్ కా మీఠా దీనికి పూర్తిగా భిన్నమైన దారి. పులిసి పొంగి రెట్టింపయ్యే రొట్టె కాబట్టి డబుల్ రోటీ అన్నారని, ఆ రొట్టెతో చేసే తీపి కాబట్టి డబుల్ కా మీఠా అయిందని హైదరాబాదులో చెప్పుకుంటారు. ఇందులో అరుదైన సరుకు ఏదీ లేదు. రొట్టె, పాలు, పంచదార, నెయ్యి దొరికే ఏ దేశంలోనైనా చేయవచ్చు గనుక విదేశాలలో ఉన్న తెలుగు కుటుంబాలకు ముగ్గురిలో ఇదే అందుబాటులో ఉండే చుట్టం. పాతికమందికి రెండు పెద్ద రొట్టె ప్యాకెట్లు, రెండున్నర లీటర్ల చిక్కటి పాలు, ముప్పావు కిలో పంచదార, దాదాపు అరకిలో నెయ్యి సరిపోతాయి. రొట్టె నిన్నటిదై ఉండాలి. ఈనాటి మెత్తని రొట్టె నేతిని విపరీతంగా పీలుస్తుంది, పాకం తగలగానే చితికిపోతుంది. ముక్కలను సన్నని సెగ మీద ముదురు ఎరుపు వచ్చేదాకా వేయించడానికి తొందర పడకూడదు, ఎందుకంటే ఆ గట్టిదనమే తరువాత పొరను పొరగా నిలబెడుతుంది. పాలను సగానికన్నా తక్కువ అయ్యేదాకా మరిగించి, యాలకుల పొడి, కుంకుమ పువ్వు కలిపి, పాకంలో తడిపిన ముక్కల మీద కొద్దికొద్దిగా పోస్తూ వెడల్పాటి పళ్లెంలో రెండు వరుసలు పేర్చి, పైన వేయించిన జీడిపప్పు, బాదం చల్లి గంటసేపు కదపకుండా ఉంచాలి. కోవా కలిపేవారూ ఉన్నారు. పాలు బాగా మరిగినప్పుడు దాని అవసరం నాకు కనిపించలేదు.

ఇది చేసిన పూట తినవలసిన తీపి. గోరువెచ్చగా వడ్డించినప్పుడు ఉన్న రుచి మరునాడు ఉండదు. ఫ్రిజ్‌లో పెడితే నెయ్యి పేరుకుంటుంది, మళ్లీ వెచ్చబెడితే రొట్టె ముద్దయి పొరలు కలిసిపోతాయి. అందరూ ఒకే పంక్తిలో కూర్చుని భోజనం చేసే కనుమ మధ్యాహ్నానికి ఇది చక్కగా సరిపోతుంది. మూడు రోజుల పాటు విడివిడిగా వచ్చే చుట్టాలకు ఎప్పటికప్పుడు తీసి పెట్టడానికి పనికిరాదు.

ఇక పూతరేకులు. కోనసీమ జిల్లాలోని ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడి స్త్రీల చేతిపని చూసినవారికి ఆ గుర్తింపు ఎంత న్యాయమైనదో వేరే చెప్పనక్కరలేదు. నానబెట్టిన బియ్యాన్ని మెత్తగా రుబ్బి, పాలలా పలుచగా కలిపి, కింద కొబ్బరి ఆకుల మంట పెట్టిన బోర్లించిన కుండ మీద, ఆ పిండిలో ముంచిన పలుచని బట్టను ఒక్క ఊపులో పరిచి లాగుతారు. బట్ట లేచేసరికి కుండను అంటిపెట్టుకుని రేకు మిగులుతుంది, రెప్పపాటులో ఆరిపోతుంది, చిరగకుండా ఒలిచి పక్కన పెడతారు. జయ రకం బియ్యమే దీనికి తగినదని ఆ ఊరి వారి మాట. బట్ట లాగే వేగం ఏమాత్రం తగ్గినా రేకు మందమవుతుంది, మంట ఎక్కువైతే పగులుతుంది. ఇంట్లో మూకుడు బోర్లించి రేకు తీయాలని నేను రెండుసార్లు ప్రయత్నించాను. వచ్చింది పలుచని అప్పడమే గాని రేకు కాదు. ఏళ్ల తరబడి ఆ కుండల ముందు కూర్చున్న వారి పనిని పండుగ ముందు రోజు మనం నేర్చేసుకోవాలనుకోవడం తగదు. రేకులు ఉత్తవిగా, కట్టలుగా దొరుకుతాయి; వాటిని తెప్పించుకుని ఇంట్లో చుట్టుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. అరిసెలకు పిండిని మరలో ఆడించుకోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

నేను ఒక్కొక్క పూతరేకుకు రెండు రేకులు వాడతాను గనుక వంద రేకులకు యాభై వస్తాయి. దానికి కిలో పంచదార పొడి, అరకిలో వరకు నెయ్యి, పావుకిలో జీడిపప్పు, బాదం పలుకులు, రెండు చెంచాల యాలకుల పొడి కావాలి. నెయ్యి కరిగి ఉండాలి, వేడిగా ఉండకూడదు. రేకును పొడిబట్ట మీద పరిచి, నీళ్లు పూర్తిగా పిండేసిన తడిబట్టతో మెల్లగా అద్దితే అది పెళుసుదనం వదిలి మడతకు లొంగుతుంది. ఆ వెంటనే నెయ్యి చిలకరించి, పొడి చల్లి, రెండో రేకును సగానికి మడిచి పైన వేసి, మళ్లీ నెయ్యి, పొడి, పలుకులు వేసి, రెండు అంచులూ లోపలికి మడిచి చుట్టాలి. బట్టలో నీటిచుక్క మిగిలి ఉంటే రేకు అక్కడికక్కడే కరిగి చిల్లు పడుతుంది. అసలే తడపకపోతే విరిగి పొడి అవుతుంది. మొదటి నాలుగైదు పాడవుతాయని ముందే అనుకుని పది రేకులు అదనంగా తెప్పించుకోవడం మంచిది.

బెల్లం పూతరేకులు చేయాలనుకునేవారికి ఒక మాట చెప్పవలసి ఉంది. సంక్రాంతి నాటికి కొత్త బెల్లం వస్తుంది, దాని వాసనకు మనసు లాగుతుంది. అయితే కొత్త బెల్లంలో తడి ఎక్కువ, అది గంటల్లోనే రేకును మెత్తబరుస్తుంది. కొత్త బెల్లాన్ని అరిసెలకు ఉంచుకుని, పూతరేకులకు బాగా ఆరిన పాత బెల్లాన్ని తురిమి, ఎండలో పలుచగా ఆరబెట్టి, జల్లించి వాడాలి. రుచిలో నాకు బెల్లానిదే పైచేయి. నిల్వ ముఖ్యమైతే పంచదార పొడే నమ్మదగినది.

మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, నెయ్యి ఖర్చులో పూతరేకులు, డబుల్ కా మీఠా దాదాపు సమానం; నూనెలో వేగే కాజా వాటికన్నా చవక. చేసే నేర్పులో కాజా అన్నిటికన్నా కష్టం, డబుల్ కా మీఠా సులువు. రేకులు చేతికి వచ్చాక పూతరేకులకు పొయ్యి అవసరమే లేదు, ముగ్గురు కూర్చుంటే రెండు గంటలలో యాభై చుట్టవచ్చు. పండుగ ముందు రోజు పొయ్యి దగ్గర ఉండే ఒత్తిడి తెలిసినవారికి ఇది చిన్న విషయం కాదు. పైగా మూకుడు ముందు పిల్లలను నిలబెట్టలేము, రేకుల ముందు కూర్చోబెట్టగలము. మా ఇంట్లో మోకాళ్ల నొప్పితో వంటగదిలో నిలబడలేని పెద్దమ్మ కూడా కుర్చీలో కూర్చుని అందరికన్నా చక్కగా చుడుతుంది. పళ్లు లేనివారికి నోట్లో కరిగిపోతుంది, మైదా వద్దనుకునేవారికి అడ్డు లేదు, గాలి చొరని డబ్బాలో వారం పది రోజులు నిలుస్తుంది. ఊళ్లో నుంచి అమెరికా వెళ్లేవారి పెట్టెలలో దీనికి ఎప్పుడూ చోటుండడానికి కారణం కూడా ఆ నిల్వే.

కనుక నా తీర్పు రేకులు తెప్పించుకుని ఇంట్లో చుట్టిన పూతరేకులకే. కాజా చేయడంలో చెయ్యి తిరిగిన వారు ఇంట్లో ఉంటే, మూడు రోజుల రాకపోకలకు కాజా కూడా అంతే బాగా సరిపోతుంది, ఖర్చూ తగ్గుతుంది. అలాంటివారు లేనప్పుడు మొదటి ప్రయత్నాన్ని పండుగ నాడు చేయవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. అందరూ ఒకే పూట కలిసే ఇంటికి, రేకులు దొరకని దూర దేశాలలోని ఇంటికి డబుల్ కా మీఠాయే సరైనది.

పూతరేకులు ఎంచుకున్నవారు రేకులను పండుగకు వారం ముందే తెప్పించి, కట్ట విప్పకుండా, మంచు తగలని గదిలో పెట్టాలి. భోగి నాటి తెల్లవారుజామున మంచు దట్టంగా ఉంటుంది, తలుపులు తెరిచి మంటల దగ్గరికి వెళ్లి వస్తాము, ఆ తేమ ఇల్లంతా పడుతుంది. అందుచేత చుట్టే పనిని ఎండ బాగా ఎక్కిన తరువాత, పదకొండు దాటాక మొదలుపెట్టి, సాయంత్రం చలి దిగేలోపు ముగించాలి. చుట్టిన వాటిని ఒక్కొక్కటిగా పలుచని కాగితంలో పెట్టి, డబ్బాలో రెండు వరుసలకు మించకుండా సర్దితే అడుగున ఉన్నవి నలగవు.