ఆర్-390ఏనా, ఆర్ఏ-17నా: మన ఉప్పుగాలికి ఏది మేలు?

పాత మిలిటరీ షార్ట్‌వేవ్ రిసీవర్ కొనాలి, అమెరికా వాళ్ల ఆర్-390ఏ మంచిదా, ఇంగ్లండ్ వాళ్ల రకాల్ ఆర్ఏ-17 మంచిదా అని శ్రీకాకుళం వైపు కుర్రాళ్లు పదేపదే అడుగుతున్నారు. రెండూ 1950ల నాటివే, రెండూ 30 మెగాహెర్ట్జ్ దాకా పట్టేవే. విజయనగరంలో మా ఇంట్లో ఉన్నది ఆర్ఏ-17.

దగ్గరదగ్గర స్టేషన్లను విడదీయడంలో మాత్రం 390ఏదే పైచేయి, అందులో వాదన లేదు. అమెరికా కంపెనీ కాలిన్స్ వాళ్ల మెకానికల్ ఫిల్టర్ల వెడల్పులు 16, 8, 4, 2 కిలోహెర్ట్జ్, ఇంకా సన్నగా కావాలంటే క్రిస్టల్‌తో 1, 0.1. సాయంత్రం 41 మీటర్ల బ్యాండ్‌లో స్టేషన్లు ఒకదాని మీద ఒకటి పడుతున్నప్పుడు దీని విలువ తెలుస్తుంది. ఫ్రీక్వెన్సీ కూడా అంకెల చక్రాల మీద కిలోహెర్ట్జ్ దాకా కనిపిస్తుంది.

కానీ ఆ అంకెల వెనక బోలెడన్ని గేర్లు, క్యామ్‌లు, స్ప్రింగులు ఉన్నాయి. నాబ్ తిప్పితే కాయిల్స్‌లోని కోర్‌లన్నీ కలిసి పైకీ కిందికీ కదలాలి. కళింగపట్నం, భీమిలి లాంటి చోట ఉప్పుగాలికి స్ప్రింగు తుప్పు పట్టినా, పాత గ్రీజు గట్టిపడినా ట్యూనింగ్ లెక్క తప్పుతుంది, దాన్ని విప్పి సరిచేసే చెయ్యి మన చుట్టుపక్కల దొరకదు. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే.

ఆర్ఏ-17లో ట్యూనింగ్ నిలకడ గేర్ల నుంచి కాదు, సర్క్యూట్ నుంచే వస్తుంది. దక్షిణాఫ్రికా ఇంజనీర్ ట్రెవర్ వాడ్లీ ఆలోచన అది (సర్వే వాళ్లు దూరాలు కొలిచిన టెల్యూరోమీటర్ కూడా ఆయనదే). రిసీవర్ లోపలే సిగ్నల్ పుట్టించే మొదటి ఆసిలేటర్ ఒక దారిలో యాంటెన్నా సిగ్నల్‌తో కలిసి 40 మెగాహెర్ట్జ్, ఇంకో దారిలో 1 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌కి కొన్ని రెట్లుండే హార్మోనిక్‌తో కలిసి 37.5 అవుతుంది, ఆ రెండింటి తేడానే ముందుకు పంపుతారు. ఆసిలేటర్ వేడెక్కి జరిగినా రెండు దారుల్లోనూ ఒకేలా జరుగుతుంది కాబట్టి తేడా మారదు, రెండు గడియారాలూ ఒకేలా ఐదు నిమిషాలు ముందుకెళ్లినట్టు. ఎంత అందమైన డిజైనో! మెగాహెర్ట్జ్ నాబ్ కాస్త అటూ ఇటూ ఉన్నా ఫర్వాలేదు.

దీనికీ ఓ పట్టింపు ఉంది. షీల్డింగ్ మూతల స్క్రూలన్నీ బిగించి ఉండాలి, లేకపోతే లోపలి హార్మోనిక్స్ బయటికొచ్చి డయల్ మీద ఈలలు వినిపిస్తాయి. యాంటెన్నా ట్యూనింగ్ విడిగా చేసుకోవాలి. ఎస్‌ఎస్‌బీ (హామ్‌లు మాట్లాడుకునే సింగిల్ సైడ్‌బ్యాండ్) వినడానికి రెండూ అంత సుఖం కాదు, ఆర్‌ఎఫ్ గెయిన్ (సిగ్నల్ బలాన్ని పెంచే నాబ్) తగ్గించి, మాట అర్థమయ్యేలా క్యారియర్‌ను తిరిగి కలిపే బీఎఫ్‌ఓతో సర్దుకోవాలి.

ఇంకొన్ని పాత రిసీవర్లూ ఉన్నాయి. బీసీ-348కి 28 వోల్టుల డీసీ కావాలి. హెచ్‌ఆర్‌ఓకి బ్యాండ్ మార్చిన ప్రతిసారీ కాయిల్ డబ్బా మార్చాలి. ఇష్టం ఉంటే తీసుకోండి.

390ఏనే కావాలనుకుంటే కరెంటు పెట్టకముందే సీ553 కెపాసిటర్ మార్చేయండి. అది లీకైతే హై వోల్టేజీ మెకానికల్ ఫిల్టర్ కాయిల్లోకి వెళ్లి ఫిల్టర్ కాలిపోతుంది.