రొయ్యల బిల్లు సాఫ్ట్‌వేర్‌కి పైటెస్ట్: టెస్టుల వరస మారిస్తే వచ్చిన తేడా

భీమవరంలో రొయ్యలు కొనే వ్యాపారులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తాం. ఉన్నది ఇద్దరమే, నేనూ, అమలాపురంలో ఇంటి నుంచే పనిచేసే ఓ తమ్ముడూ. కౌంటును (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది) బట్టి రేటు, ఐసు ఖర్చు, మేతకిచ్చిన అడ్వాన్సు కోత, ప్రతి లెక్కకీ టెస్టులున్నాయి, అంటే లెక్క సరిగ్గా వస్తోందో లేదో చూసే చిన్న ప్రోగ్రాములు. అన్నీ నడవాలంటే పావుగంట పైనే. చెరువులో రొయ్యల పట్టుబడి జరుగుతుండగా బిల్లులో తేడా వచ్చిందని ఫోనొస్తే, చెరువు గట్టున లారీ సరుకుతో ఆగి ఉంటుంది. అంతసేపు ఆగడం మా వల్ల కాదు, వాళ్ల వల్లా కాదు.

ఇలాంటి టెస్టులు నడిపే టూల్ పైటెస్ట్, పైథాన్ భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్లకి తెలిసిందే, ఉచితం కూడా. అందులోనే ఉండే ‘ఫెయిల్డ్ ఫస్ట్’ ఆప్షన్‌ని మాత్రం చాలామంది పట్టించుకోరు. మామూలుగా ఒక ఫైల్లో టెస్టులు రాసిన వరసలోనే నడుస్తాయి. ఈ ఆప్షన్ పెడితే కిందటిసారి ఫెయిలైనవి ముందు నడిచి, ఆ తర్వాత మిగతావన్నీ నడుస్తాయి. మొదటి తప్పు దగ్గరే ఆపేసే ‘ఎక్స్’ ఆప్షన్ కూడా కలిపితే అసలు లాభం తెలుస్తుంది. కిలోకి 47 తూగిన సరుక్కి 40, 50 కౌంట్ల మధ్య రేటు కట్టే టెస్టు మా వరసలో చివరెక్కడో ఉండేది. ఇప్పుడు కోడ్ సరిచేసి నడపగానే, ఆ రేటు ఇంకా తప్పే వస్తోందా అన్నది సెకన్లలో తేలిపోతుంది. “అన్నా, ఇంకా పోలేదు” అని తమ్ముడు వెంటనే చెప్పేస్తాడు, మళ్లీ పనిలో పడతాం.

మొత్తం సమయం మాత్రం తగ్గదు. అన్నీ పాసయ్యే రోజున అదే పావుగంట. టెస్టుల వరస మీద 2001లో వచ్చిన గ్రెగ్ రోథర్‌మెల్ బృందం పరిశోధన కూడా తప్పులు ఎంత ముందుగా బయటపడ్డాయన్నదే కొలిచింది. నాకు కావలసిందీ అదే. ‘లాస్ట్ ఫెయిల్డ్’ అని ఇంకో ఆప్షన్ ఉంది, అది ఫెయిలైనవాటినే నడుపుతుంది. దాన్ని నమ్మి వ్యాపారికి కొత్త వెర్షన్ పంపకండి. ఒక రేటు సరిచేస్తే అడ్వాన్సు కోత చెడొచ్చు.

వరస మార్చేముందు ఒకటి చూసుకోవాలి. ఒక టెస్టు డేటాబేస్‌లో వేసి వదిలేసిన వ్యాపారి ఖాతా మీద తర్వాతి టెస్టు ఆధారపడి ఉంటే, వరస మారగానే అకారణంగా ఫెయిలవుతుంది. అలాంటివి పట్టుకోవడానికి ‘పైటెస్ట్ ర్యాండమ్‌లీ’ అనే ప్లగిన్ విడిగా వేసుకోవాలి. అది ప్రతిసారీ వరసని తారుమారు చేసి, వాడిన సీడ్ నంబరు కూడా చూపిస్తుంది. ఆ నంబరిస్తే అదే వరస మళ్లీ వస్తుంది. ముందు ఈ పని చేసుకోండి, ఎంత విసుగనిపించినా సరే.

నాకు నచ్చనిది సర్వర్ దగ్గరి సంగతి. ఏవి ఫెయిలయ్యాయో పైటెస్ట్ ప్రాజెక్టులోనే ఒక క్యాష్ ఫోల్డర్‌లో రాసుకుంటుంది. ప్రతిసారీ కొత్త మెషీన్ మీద టెస్టులు నడిపే చోట ఆ ఫోల్డర్ ఉండదు, దాన్ని మనమే దాచి తెచ్చిపెట్టాలి. లేకపోతే ఆప్షన్ పెట్టినా మామూలు వరసే.

టెస్టులన్నీ నిమిషంలో అయిపోయేవాళ్లకి ఇదేమీ అక్కర్లేదు. పెద్ద ప్రాజెక్టున్నవాళ్లు ఈరోజే తమ లాప్‌టాప్‌లో పెట్టి చూడండి. దాంతోపాటు ‘డ్యూరేషన్స్’ ఆప్షన్ కూడా నడిపితే ఎక్కువసేపు తినే టెస్టులేవో జాబితా ఇస్తుంది. మాకు అందులో పైన తేలింది పీడీఎఫ్ బిల్లు తయారు చేసే టెస్టే.