నెల్లూరు పొగతోటలో మా తమ్ముడికి తీయించిన మెదడు స్కాన్

స్కాన్ మీద నాకు ఫిర్యాదు లేదు. కౌంటర్లో చెప్పిన మాట మీదే కోపం.

మా తమ్ముడు ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు చేస్తాడు. రొయ్యలకు తెల్లమచ్చ రోగం తగిలి వరసగా రెండు పంటలు పోయాయి. అప్పట్నుంచి నిద్ర లేదు, మాట లేదు, ఫోన్ మోగినా తీయడు. మేత బాకీ వాళ్లేమోనని భయం. ఒకరోజు "నేను లేకపోతే మీకీ గొడవే ఉండదు కదక్కా" అన్నాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. తెలిసిన డాక్టరు చీటీ రాసిస్తే పొగతోటలో ఒక స్కానింగ్ సెంటర్‌కు తీసుకెళ్లాం. పేరు రాయను. "ఎమ్మారై తీస్తే అన్నీ బయటపడతాయి మేడం, లోపల ఏమనుకుంటున్నాడో కూడా" అన్నాడు కౌంటర్ అబ్బాయి. 6,500 కట్టాం.

పని మాత్రం శుభ్రంగా చేశారు. ఉంగరం, బెల్టు, వెండి బిళ్ల ఉన్న మొలతాడు తీయించారు. మొలతాడు తీయనని వాడు మొండికేస్తే మా ఆయన బతిమాలాల్సి వచ్చింది. అరగంట తర్వాత బయటికొచ్చి "గుంటలో ఏరియేటర్లన్నీ ఒక్కసారే వేసినట్టుందక్కా ఆ మోత" అన్నాడు (నీళ్లలో గాలి కలిపే మిషన్లు అవి). నెలరోజుల్లో వాడు మాట్లాడిన పెద్ద మాట అదే. సాయంత్రానికి రిపోర్టు ఇచ్చారు: నార్మల్.

ఆ నార్మల్‌ని పట్టుకుని వారం రోజులు నిశ్చింతగా ఉన్నాం. ఇప్పుడు తల్చుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

తర్వాత సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాం. ఆమె ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, గడ్డలేమీ లేవు, దీంతో తెలిసేది ఇంతే అని పక్కన పెట్టేశారు. తర్వాత జ్వరముందా అని అడిగినంత మామూలుగా "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడిగారు. లేని ఆలోచన పుట్టిస్తున్నారేమో అని నా ప్రాణం గిలగిల్లాడింది. అడిగినంత మాత్రాన పుట్టదట. వాడు తలొంచుకుని "అవును మేడం" అన్నాడు. మమ్మల్ని బయటికి పంపి ముప్పావుగంట మాట్లాడారు. ఒంటరిగా వదలొద్దు, మాత్రలు మీ దగ్గరే పెట్టుకుని పూటపూటకీ ఇవ్వండి అని నాతో చెప్పారు.

స్కాన్‌లో ఇది తెలియదా అని ఆమెనే అడిగాను. అమెరికాలో కార్నెగీ మెలన్, పిట్స్‌బర్గ్ యూనివర్సిటీల వాళ్లు 2017లో ప్రయత్నించారట. ఆత్మహత్య ఆలోచనలున్న 17 మందిని, లేని 17 మందిని స్కానర్లో పడుకోబెట్టి చావు, క్రూరత్వం, మెప్పు లాంటి మాటలు చూపించారు. ఆ మాట తల్చుకున్నప్పుడు మెదడు ఎలా స్పందిస్తోందో చూసి, ఎవరు ఏ జట్టో కంప్యూటర్ 91 శాతం సరిగ్గా చెప్పిందని రాశారు. కంప్యూటర్‌తో లెక్కేసిన పద్ధతి మీద అనుమానాలొచ్చి 2023లో ఆ పేపర్‌ను వాళ్లే వెనక్కి తీసుకున్నారు. పైగా అది ఫంక్షనల్ ఎమ్మారై, ఆలోచిస్తుంటే రక్తంలో ఆక్సిజన్ ఎలా మారుతోందో చూసేది. మా వాడికి తీసింది మెదడు ఆకారం ఫొటో, అంతే. ఇదంతా ఆ కౌంటర్ అబ్బాయికి ఎవరైనా చెప్తే బాగుండు.

స్కాన్‌కు నాలుగు స్టార్లు. కౌంటర్ మాటకు ఒక్కటి కూడా దండగే. రాత్రిపూట టెన్షన్ వస్తే 14416కు, అంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చేస్తున్నాం. డబ్బులేం తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.

మందులు మొదలుపెట్టి మూడో నెల. మొన్న నెల్లూరొచ్చి "నా మొలతాడు యాడపెట్టావక్కా?" అని అడిగాడు. చూస్తే ఆ స్కాన్ కవర్లోనే ఉంది.